కాయితం పని: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఇంటి కళ

వాడేసిన కాగితం, అట్ట, గుడ్డపేలిక, ఆకు, పుల్ల, ఇంట్లో కాచుకున్న జిగురు. వీటితో పాత్రలు, బొమ్మలు, తోరణాలు, జ్ఞాపకాల పుస్తకాలు తయారు చేసే పనులన్నిటినీ కలిపి ఇక్కడ కాగితపు కళ అంటున్నాం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో కాగితాన్ని ‘కాయితం’ అంటారు కాబట్టి అక్కడక్కడ ఆ మాటే వాడాం. పాత కరీంనగర్ జిల్లా 2016 అక్టోబర్ 11న ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయింది. పాత ఆదిలాబాద్ అదే రోజున ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలైంది. ఈ వ్యాసం పాత హద్దులనే పట్టుకుంటుంది. చేతిపనులు కొత్త గీతల వెంట విడిపోలేదు.

స్క్రాప్‌బుక్, క్విల్లింగ్, ఓరిగామి అనే పేర్లు బడి ద్వారా, ఫోన్లలోని వీడియోల ద్వారా ఈ ఊళ్లకు చేరాయి. పేర్లు కొత్తవే, పని మాత్రం పాతదే. చాటకు కాయితం గుజ్జు పూసిన అవ్వ, జెండా పండుగకు సుతిలికి రంగు కాయితాలు అతికించిన పిల్లలు, పెండ్లి పత్రిక మీది వినాయకుణ్ణి కత్తిరించి దాచిన తల్లి, అందరి చేతుల్లోనూ ఆ విద్య ముందునుంచీ ఉంది. దుకాణంలో అమ్మే కిట్ల కంటే ఆ చేతుల దగ్గర నేర్చుకునేదే ఎక్కువ.

కాగితం తయారైన నేల

ఈ ప్రాంతానికీ కాగితానికీ చుట్టరికం పాతది. నిజాం రాజ్యంలో జగిత్యాల తాలూకాలోని కోరుట్ల చేతి కాగితానికి పేరుపడ్డ ఊరు. పట్వారీలు ఆ కాగితం మీద లెక్కల పుస్తకాలు రాసుకునేవారు. దక్కనులో చేతి కాగితం చేసే పద్ధతి స్థూలంగా ఇలా ఉండేది: పాత గోనెలు, తాళ్లు, గుడ్డపేలికలు, చినిగిన కాగితాలు నానబెట్టి, సున్నం పట్టించి, దంచి, కడిగి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును తొట్టి నీళ్లలో కలిపి, గడ్డిపుల్లలతో అల్లిన సన్నని జల్లెడతో పలుచని పొరగా పైకి ఎత్తుతారు. తడి తావును నున్నని గోడకు అతికించి ఆరబెడతారు. ఆరిన తావుకు గంజి పూసి, గులకరాయితోనో గవ్వతోనో రుద్ది మెరుగు పెడతారు. గంజి పూయకపోతే సిరా పాకిపోతుంది. అంటే కోరుట్ల కాగితం మొదటినుంచీ వాడేసిన వస్తువుల నుంచి పుట్టిందే. ‘పారేసే వాటితో కళ’ అని ఇవాళ మనం గొప్పగా చెప్పుకునేది ఇక్కడ ఒకప్పుడు రోజువారీ జీవనోపాధి.

రెండో అధ్యాయం అడవి అంచున మొదలైంది. 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడింది, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆదిలాబాద్ అడవుల్లోని వెదురు దానికి ప్రధాన ముడిసరుకు. మిల్లు వెలసిన కొత్తపేట కాలక్రమంలో కాగజ్‌నగర్ అయింది. కాగజ్ అనే పర్షియన్ మాట నుంచే మన ‘కాగితం’ కూడా వచ్చింది కాబట్టి, ఆ ఊరి పేరును తెలుగులో చెప్పాలంటే కాగితాల ఊరు. మిల్లు 2014లో మూతపడింది. కార్మిక కుటుంబాలు నాలుగేళ్లు నలిగిపోయాక, 2018లో జేకే పేపర్ సంస్థ దాన్ని తీసుకుని మళ్లీ నడిపించింది.

కాగితం ఎలా తయారైందో తెలిస్తే దేన్ని ఏ పనికి వాడాలో తెలుస్తుంది. కట్టెలో నారతో పాటు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. రసాయనాలతో ఉడికించి దాన్ని తీసేసిన గుజ్జుతో రాత కాగితం చేస్తారు. న్యూస్‌ప్రింట్‌లో అది చాలావరకు మిగిలే ఉంటుంది. గాలి, వెలుతురు తగిలితే లిగ్నిన్ పసుపుపచ్చగా మారుతుంది, కాగితం పెళుసెక్కుతుంది. పదేళ్ల కిందటి దినపత్రిక ముట్టుకుంటే రాలిపోవడానికి, అప్పటి నోటుపుస్తకం ఇంకా గట్టిగానే ఉండడానికి తేడా ఇదే. అందువల్ల పేపరు కత్తిరింపులను అతికించే పుటలు రాత కాగితానివై ఉండాలి. మరీ ముఖ్యమైన వార్తయితే జిరాక్స్ తీసి ఆ ప్రతిని అతికించుకోవడం మంచిది. గుజ్జు పనికి మాత్రం దినపత్రికను మించింది లేదు. తొందరగా నానుతుంది, మెత్తగా నలుగుతుంది.

నార వాటం కూడా చూసుకోవాలి. మిల్లులో గుజ్జు యంత్రం మీద పరుగెత్తే దిక్కుకే నారలు బారులు తీరుతాయి. దినపత్రికను పైనుంచి కిందికి చించితే గీత గీసినట్టు చినుగుతుంది. అడ్డంగా చించితే వంకరటింకరగా పోతుంది. మడత వాటం వెంట వేస్తే శుభ్రంగా పడుతుంది, అడ్డంగా వేస్తే అంచు పగులుతుంది. ఒక్క చింపుతో వాటం తెలుసుకోవడం ఈ పనిలో తొలి పాఠం కావాలి.

జిగురు

కాగితపు పని నిలిచేది జిగురు మీద. ఫెవికాల్ సీసా రాకముందు ఈ ప్రాంతంలో నాలుగైదు రకాల జిగుర్లు వాడుకలో ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో పని. అన్నం వార్చిన గంజి పలుచని కాగితాలకు చాలు. పోస్టర్లు, తోరణాలు అతికించడానికి మైదాపిండిని నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి కాచిన ‘లై’ వాడతారు. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా లైలో కాస్త మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలు ముట్టుకునే జిగురులో అది ఉండకూడదు. వాళ్లకు ఏ పూటకాపూట కాచిన లై చాలు, మిగిలింది మరునాటికి పులుస్తుంది కాబట్టి పారబోయాలి.

తుమ్మ చెట్టు కారిన బంకను నీళ్లలో నానబెడితే కరిగి చిక్కటి జిగురవుతుంది. కవర్లు మూయడానికీ, తపాలా బిళ్లలు అతికించడానికీ పనికొస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు సేకరించే తపసి బంక మరో రకం. అది నీళ్లలో పూర్తిగా కరగదు, ఉబ్బి ముద్దవుతుంది. రెండూ బంకలే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పని చెడుతుంది.

అన్నింటికంటే గట్టిది చింతగింజల జిగురు. గింజలు వేయించి పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నసెగ మీద గరిటె తిప్పుతూ ఉడికిస్తే నిగనిగలాడే జిగురు తయారవుతుంది. నిర్మల్ బొమ్మల నకాషీలు తేలికైన పునికి చెక్కతో చెక్కిన ముక్కలను కలపడానికీ, రంపపు పొట్టు కలిపి సందులు పూడ్చడానికీ దీన్నే నమ్ముకున్నారు. పొరుగున చేర్యాలలో నకాషీలు పటం బొమ్మలకు గుడ్డను సిద్ధం చేసేటప్పుడు కూడా సుద్దతో పాటు ఇదే పూస్తారు. నిర్మల్ చెక్కబొమ్మకు పనికొచ్చిన జిగురు బడిపిల్లల అట్టబొమ్మకు పనికిరాదా? పొయ్యి దగ్గర పెద్దలు ఉంటే చాలు, ఖర్చు లేదు.

చాట, గుల్ల: గుజ్జు పని

ఇది ఈ ప్రాంతపు అసలైన కాగితపు కళ అని చెప్పాలి. దీన్ని ఎవరూ కళ అని పిలవలేదు, ఇంటిపని అన్నారు. మేదరులు అల్లిన వెదురు చాట, గుల్ల, తట్ట కొత్తగా ఇంటికొస్తే వాటి సందుల్లోంచి పిండీ నూకలూ రాలిపోతాయి. ఆ సందులు మూయడానికి ఆడవాళ్లు పాత కాయితాలూ మెంతులూ కలిపిన గుజ్జు పూసేవారు.

కాయితాలను చిన్న ముక్కలుగా చించి మూడు నాలుగు రోజులు నీళ్లలో నానబెడతారు. రోజూ నీళ్లు మారిస్తే వాసన రాదు, సిరా కూడా కొంత పోతుంది. గుప్పెడు మెంతులు విడిగా రాత్రంతా నానవేస్తారు. రెండింటినీ రోట్లో వేసి వెన్నలా అయ్యేదాకా రుబ్బుతారు. నానిన మెంతిగింజలో జిగట ఎక్కువ కాబట్టి వేరే జిగురు అక్కర్లేదు. మెంతుల చేదుకు పురుగు దగ్గరికి రాదు. గుజ్జును చాట వెనకవైపు అరచేత్తో సమంగా పామి, నీడలో ఒకపూట, ఎండలో రెండు రోజులు ఆరబెడతారు. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది వేయాలి. ఇక్కడ తొందరపడితే పూత పెచ్చులూడుతుంది. గట్టిపడ్డ చాట ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

ఇదే గుజ్జుతో అచ్చు పోసి పాత్రలూ చేస్తారు. గిన్నెనో కుండనో బోర్లించి, దానిమీద తడిగుడ్డ పరిచి, వేలి మందాన గుజ్జు అద్దుతారు. సగం ఆరాక గిన్నెను మెల్లగా తప్పించి లోపలివైపు కూడా ఎండ తగలనిస్తారు. అంచుకు గుడ్డపేలిక చుట్టి, పైన క్యాలెండరు బొమ్మో రంగు కాయితమో అతికిస్తే గుల్ల తయారు. పప్పులు, ఎండుమిరపకాయలు, పత్తి, కుట్టుపని దారాలు దాచుకోవడానికి ఇంతకంటే తేలికైన పాత్ర లేదు. నీళ్లు మాత్రం తగలకూడదు. కాశ్మీరులో ఇదే గుజ్జు పని పేరున్న కళ అయింది, దేశమంతా అమ్ముడవుతోంది. మన ఊళ్లలో ప్లాస్టిక్ డబ్బా రావడంతో అటకెక్కింది. నైపుణ్యం తక్కువై ఇలా కాలేదు, కొనేవాళ్లు లేక అయింది. ఆ లోటు ఇప్పటికైనా పూడ్చవచ్చు.

బడిలో చేయించాలంటే రోలు దొరకకపోవచ్చు. నానిన కాయితాన్ని చేత్తో నలిపి, మైదా లై కలిపినా ముఖోటాలు, పండ్లు, పక్షులు చేయడానికి సరిపోతుంది. ఊదిన బుడగ మీద చించిన కాయితపు పట్టీలను లైతో ఐదారు పొరలు అతికించి, ఆరాక బుడగను గుచ్చి తీసేస్తే బోలు ముఖం మిగులుతుంది. పట్టీలను కత్తెరతో కోయకుండా చేత్తో చించితేనే అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

కత్తెర, మడత, చుట్ట

ఆగస్టు 14 సాయంత్రం ఏ సర్కారు బడికి వెళ్లినా కాగితపు కళ కనిపిస్తుంది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ కాయితాలను మడతలు పెట్టి ఒక్క కోతకు పదీ ఇరవై త్రికోణాలు తీస్తారు. బడి ఆవరణలో ఈ కొసనుంచి ఆ కొసకు సుతిలి కట్టి, కాయితపు అంచును సుతిలి మీదుగా మడిచి లై రాసి అతికిస్తారు. వినాయక మండపాలకు అవే చేతులు. సంక్రాంతికి పతంగి కాయితం, వెదురు పుల్ల. పతంగిలో అడ్డపుల్లను విల్లులా వంచి రెండు కొసలా ఒకే బరువు ఉండేలా చూడటం చిన్న విద్యేమీ కాదు. పెండ్లి బాషింగాలను తేలికైన బెండు మీద మెరుపు కాయితాలు అతికించి చేయడం పాత పద్ధతి.

కత్తెర పని గురించి చెప్పేటప్పుడు బీడీలు చుట్టే ఆడవాళ్లను వదలకూడదు. నిర్మల్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు వేలాది ఇళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకును కొలత ప్రకారం కత్తిరిస్తారు. ఆకు ఈనెలు ఎటు పోతున్నాయో చూసి, వృథా తక్కువయ్యేలా కోస్తారు. కాగితపు వాటం చూసే కన్నూ అలాంటిదే. ఆ పని వాళ్లకు తక్కువ కూలినీ ఎక్కువ దగ్గునూ ఇచ్చింది. అంత నేర్పున్న వేళ్లకు కాగితపు సంచులు, పెట్టెలు, కార్డుల తయారీలో మెరుగైన బతుకు చూపించడం స్వయం సహాయక సంఘాల ముందున్న ముఖ్యమైన పని అని నేననుకుంటాను.

మడత పనికి జపాను ఓరిగామి పేరు ప్రపంచమంతా తెలుసు. మన పిల్లలకు వానాకాలం కత్తి పడవ, మామూలు పడవ, విమానం, సిరాబుడ్డి ఎప్పటినుంచో తెలుసు. ఇక్కడ అరవింద్ గుప్తా పేరు తలచుకోవాలి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఈ ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, పాత కాగితాలతో విజ్ఞానశాస్త్రం నేర్పే బొమ్మలు చేసి, వాటిని అందరికీ ఉచితంగా పంచిపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఉపాధ్యాయులకు ఆయన పుస్తకాలు అల్మారాలో కాక బల్ల మీద ఉండాలి.

క్విల్లింగ్ అంటే సన్నని కాగితపు పట్టీలను చుట్టలు చుట్టి, నొక్కి, ఆకులూ రేకులూ చేసి పక్కపక్కన అతికించడం. యూరపులో దీనికి ‘కాగితపు ఫిలిగ్రీ’ అని పాత పేరు. బంగారు, వెండి తీగ పనిని కొనలేనివాళ్లు, ముఖ్యంగా మఠాల్లోని సన్యాసినులు, పట్టీలతో దాన్ని అనుకరించారు. కరీంనగర్‌కు ఇది సొంతింటి ముచ్చట. ఎలగందుల, కరీంనగర్ కంసాలులు వెండిని సన్నని తీగలుగా లాగి, మెలిపెట్టి, చుట్టలుగా పేర్చి అతికే ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అత్తరుదాని, పాన్‌దాన్, నెమలి, ఆకు ఆకారాలు అందులో ప్రసిద్ధం. కరీంనగర్ పిల్ల కాగితపు చుట్టలు నేర్చుకునేటప్పుడు వీడియోలోని గులాబీ కంటే ముందు తన ఊరి వెండి నెమలిని చూసి అనుసరిస్తే నమూనా దొరుకుతుంది, తన ఊరి పని మీద చూపూ నిలుస్తుంది. పట్టీలకు పాత నోటుపుస్తకం పుటలు చాలు. చుట్టడానికి కొస చీల్చిన చీపురుపుల్ల చాలు.

రంగు

బతుకమ్మ ముందురోజుల్లో గునుగుపూల కట్టలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం ప్రతి వాకిట్లో జరుగుతుంది. కాయితానికీ అదే పద్ధతి. మోదుగుపూలు మరిగిస్తే నారింజ రంగు, బచ్చలి పండ్లు నలిపితే ఊదా. పసుపు నీళ్లలో కాస్త సున్నం పడితే ఎర్రగా మారుతుంది. పారాణి రహస్యం అదే. పసుపు పూసి ఆరిన కాయితం మీద సున్నపు నీళ్లతో పుల్లతో గీస్తే ఎర్రటి గీత ప్రత్యక్షమవుతుంది. పిల్లలకు రసాయనశాస్త్రం ఇంత సులువుగా చెప్పే పాఠం మరొకటి దొరకదు. ఈ రంగులు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి గోడకు తగిలించే వాటికంటే పుస్తకం లోపలి పుటలకే వాడాలి.

స్క్రాప్‌బుక్: ఇంటి చరిత్ర

కాగితాలు కత్తిరించి పుస్తకంలో అతికించే అలవాటు 19వ శతాబ్దంలో యూరప్, అమెరికాల్లో బాగా పెరిగింది. రచయిత మార్క్ ట్వేన్ ముందే జిగురు పూసిన పుటలున్న స్క్రాప్‌బుక్‌కు 1873లో పేటెంటు కూడా పొందారు. ఇక్కడ బళ్లలో ప్రాజెక్టు పేరుతో చేయించే స్క్రాప్‌బుక్ తరచూ ఒకే తీరుగా ఉంటుంది. దుకాణంలో కొన్న చార్టు బొమ్మలు, దేశనాయకులు, పండ్లు, జంతువులు. ఇలా చేసిన పుస్తకం మార్కులు పడ్డాక మూలకు పడుతుంది. ఆ పిల్ల ఇంటికి దానిలో చోటే లేదు.

ఈ ప్రాంతపు ఇళ్లలో అతికించడానికి ఎంత ఉందో చూడండి. పసుపు మూలలున్న పెండ్లి పత్రికలు. వాటి మీది దేవుళ్ల బొమ్మలను చెత్తలో వేయడానికి చేయి రాక చాలామంది కత్తిరించి దాచుకుంటారు, పుస్తకంలో వాటికి గౌరవమైన చోటు దొరుకుతుంది. రంగురంగుల బీడీ లేబుళ్లు, అగ్గిపెట్టె బొమ్మలు. సిరిసిల్ల మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డ అంచులు, దారాలు. తాత సింగరేణిలో పనిచేసి ఉంటే పాత జీతం చీటీ. వేములవాడ, ధర్మపురి, బాసర యాత్రల టిక్కెట్లు. అన్నిటికంటే విలువైనవి గల్ఫ్ ఉత్తరాలు. ఫోను చేతికి రాకముందు దుబాయ్, మస్కట్, సౌదీలకు వలసపోయిన నాన్నలు రాసిన ఉత్తరాలు, ఎరుపు నీలం అంచుల విమాన తపాలా కవర్లు జగిత్యాల, నిర్మల్ వైపు ఎన్నో సందుగుపెట్టెల్లో ఉన్నాయి. చీరెల మడతల్లో ఉన్న ఆ కవర్లు ఒక తరం బతుకును చెప్తాయి. మిడ్ మానేరు, ఎల్లంపల్లి జలాశయాల నీళ్ల కింద పోయిన ఊళ్లవాళ్లకైతే పాత ఇంటి ముందు దిగిన ఫొటో, పట్టా పుస్తకం నకలు, బడి గుర్తింపు కార్డు, ఇవే మిగిలిన ఊరు.

అసలు ఉత్తరాన్ని, ఫొటోను జిగురుతో నేరుగా అతికించకూడదు. లైలోని తేమకు సిరా పాకుతుంది, తర్వాత ఊడదీయాలంటే చినుగుతుంది. పుటకు నాలుగు మూలల్లో చిన్న కాగితపు జేబులు అతికించి, ఫొటో మూలలను వాటిలో దూర్చాలి. ఉత్తరానికి కవరులాంటి మడత జేబు చేసి అందులో పెట్టాలి. సెల్లోటేపు వద్దు, కొన్నేళ్లకు అది పసుపుపచ్చగా మారి బంక వదిలి కాగితాన్ని తినేస్తుంది. బస్సులో యంత్రం ఇచ్చే టిక్కెట్టు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతుంది. దాని అక్షరాలు కొద్ది నెలల్లో మాయమవుతాయి కాబట్టి జిరాక్స్ తీసుకోవాలి. మోదుగాకు, తునికాకు, తంగేడు పువ్వు అతికించాలంటే దినపత్రిక మడతల్లో పెట్టి, పైన బరువుంచి, రోజూ కాగితం మారుస్తూ వారం పదిరోజులు ఆరనివ్వాలి. తడి ఆకు అతికిస్తే పుటంతా బూజు పడుతుంది.

పుస్తకానికి అట్టలుగా పాత అట్టపెట్టె రెండు ముక్కలు, వీపుకు గుడ్డపట్టీ, కుట్టడానికి మైనం రుద్దిన దారం చాలు. పుటల మధ్య వీపు దగ్గర సన్నని కాగితపు పట్టీలు కలిపి కుడితే అతికించినవాటి మందానికి పుస్తకం నోరు తెరుచుకోదు. వానాకాలంలో నేలకు, గోడకు తగలకుండా పెట్టాలి, చెదలు అక్కడినుంచే వస్తాయి. ఎండిన వేపాకు పెట్టెలో వేసి, ఏటా ఒకసారి పుటలు తిప్పి గాలి తగలనిస్తే పురుగు చేరదు.

ప్రతి వస్తువు పక్కనా ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న మూడు మాటలు పెన్సిలుతో రాయాలి. అవ్వ బతికుండగానే అడిగి రాసుకోండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండుల కథలు పాడే ప్రధానుల ఇళ్లలో ఇలాగే దాచిన పాత రాతప్రతులు ఉన్నందువల్లే గోండి భాషకు సొంత లిపి ఒకటి ఉందని లోకానికి తెలిసింది. ఆ ఊరి పేరుతోనే ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది.